ఇద్దరు పడుకునే గది

వలి బాషా గోడవారగా నిలబడి, నేలవైపు చూస్తూ లెక్కపెడుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి గానీ శబ్దం లేదు. ఆ చివరిదాకా వెళ్లి, మళ్లీ అడ్డంగా లెక్కపెట్టుకుంటూ ఇటు వచ్చాడు. జమ్మలమడుగులో ఆ ఇంటి ఇల్లాలు కృష్ణవేణమ్మ తలుపు దగ్గర నిలబడి, ఈయన ఏసీకి కొలతలు తీయడానికి వచ్చాడా, జపం చేసుకోవడానికి వచ్చాడా అన్నట్టు చూస్తోంది.

"టేపు తెచ్చుకోలేదా అప్పా?" అని అడిగింది.

"బండలుండాయి గదమ్మా. బండ రెండడుగులు. ఆరు పొడవు, అయిదు వెడల్పు. ఇంక టేపు ఎందుకు?"

ముప్పై ఏళ్లుగా అతని పద్ధతి అదే. కడప బండ పరిచిన గదిలోకి అడుగుపెడితే చాలు, అది ఎన్ని అడుగులో కాళ్లే చెప్పేస్తాయి. టైల్సు వేసిన ఇళ్లంటేనే అతనికి చిరాకు. ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు టైలు. అలాంటి చోట్ల బ్యాగులోంచి టేపు తీసి, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు అయిష్టంగా పట్టుకుంటాడు.

లెక్క అయ్యాక నాలుగు గోడలూ అరచేత్తో తడిమాడు. పడమటి గోడ దగ్గర ఎక్కువసేపు చెయ్యి ఉంచాడు. తర్వాత ఫ్యాను ఆపమని చెప్పి, బండల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. యాభై ఏడేళ్ల మనిషి, ఎముకల మీద చొక్కా తగిలించినట్టుంటాడు. మిషన్లు మోసి మోసి కుడి భుజం కిందికి వాలిపోయింది. కాయిల్ రేకులు కోసిన గీతలతో వేళ్లు నిండా మచ్చలు. తెల్లచొక్కా జేబులో టెస్టరు, దాని పక్కన రెండు రంగుల పెన్ను. అలా కళ్లు మూసుకుని పది నిమిషాలు కూర్చుంటే గదిలోకి వేడి ఎటునుంచి దిగుతుందో అతనికి తెలుస్తుంది. కుర్రమెకానిక్కులు ఫోన్లో ఏదో నొక్కి ఒక్క నిమిషంలో తేల్చేస్తారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అతను పనిచేసే ఏసీల అంగట్లో అందరూ అతన్ని చూసి నవ్వుతారు. అతనూ నవ్వుతాడు గానీ, కూర్చోవడం మానడు.

మంచం మీద కృష్ణవేణమ్మ భర్త కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. రిటైరైన స్కూలు సారు. గుండె ఆపరేషను అయ్యి పదిహేను రోజులు. చొక్కా గుండీలు పెట్టుకోకుండా, ఒంటిమీద తడి తువ్వాలు పరుచుకున్నాడు. కిటికీలో రేకు కూలరు పెద్దగా మోగుతోంది గానీ గాలి వేడిగానే వస్తోంది. అడుగున తుప్పుపట్టి, కారే నీళ్లకోసం కింద బక్కెట్టు పెట్టారు.

"ఈ కూలరు నేను చేసిందే అమ్మా," అన్నాడు వలి బాషా, లేచి దాని రివిట్లను చూస్తూ. "పదహారేండ్లాయ. పాపం, శానా దినాలు పనిచేసె."

"పక్కింటోళ్లు ఒకటిన్నర టన్ను పెట్టించుకోమంటాండారప్పా."

"పెట్టించుకోవచ్చు. కరెంటు బిల్లు వాళ్లే కడతారేమో అడగండి." ఆమె నవ్వింది. "రేత్రి ఈ గదిలో ఎంతమంది పండుకుంటారు?"

"మేమిద్దరమే."

"అట్లయితే ఒక టన్ను చాలు. మూడు స్టార్లది ముప్పై నాలుగు వేలు. అయిదు స్టార్లదైతే ఇంకో ఏడెనిమిది వేలు మింద పడతాది. ఎండాకాలం మూడు నెల్లు వేసుకునేదానికి మూడు స్టార్లే మేలు. స్టాండు, పైపు, బిగించే కూలి వేరే. అంగట్లో ఆ ముక్క చివర్లో చెప్తారు, నేను ముందే చెప్తాండా."

"అట్లే కానీ. ఈపొద్దే పంపిస్తావా? సారు రేత్రి రెప్ప వేయలేదు. చల్లగా ఉంచమని డాక్టరు చెప్పినాడు."

వలి బాషా బ్యాగు జిప్పు లాగుతూ ఆగిపోయాడు. అంగడి గోడౌనులో ఒక టన్ను మిషను ఒకటే మిగిలి ఉంది. నిన్న సాయంత్రం దాని అట్టపెట్టె మీద ఎర్ర పెన్నుతో తన పేరు తానే రాసుకున్నాడు.

"వారం పడతాదమ్మా. స్టాకు లేదు."

ఈ పనిలో అతను ఎన్నో మాటలు పడ్డాడు గానీ, ఇంటివాళ్లకు అబద్ధం చెప్పింది లేదు. చెప్పగానే చెవులు వేడెక్కాయి. ఆ తప్పు కడుక్కోవడానికన్నట్టు మరో అరగంట అక్కడే ఉండిపోయాడు. మిద్దెమీద సున్నం రెండు కోట్లు కొట్టించమని చెప్పాడు. పడమటి కిటికీకి గోనెపట్ట కట్టి నీళ్లు చల్లాడు. కూలరు గడ్డి పీకి, దులిపి, మళ్లీ పేర్చాడు. గాలి కొంచెం చల్లబడింది. కృష్ణవేణమ్మ మజ్జిగ ఇచ్చి, "నీ పుణ్యం ఉంటాదప్పా" అంది. అతను గ్లాసు ఖాళీ చేసి, ఆమె ముఖం చూడకుండా బ్యాగు ఎత్తుకున్నాడు.

ప్రొద్దుటూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. కిటికీ చువ్వ మీద చెయ్యి పెట్టడానికి లేదు. బయట పెన్నలో నీళ్లు లేవు, ఇసుక తెల్లగా మెరుస్తోంది. శుక్రవారం, అంటే ఇంకా మూడు రోజులు. శుక్రవారం జరీనా చెన్నైలో దిగుతుంది. ఈసారి సెలవు మీద కాదు, అంతా ముగించుకుని వస్తానంది.

జరీనా అతని భార్య. పదిహేడేళ్ల కిందట కువైటుకు పోయింది, ఇంటిపని వీసా మీద. కడప జిల్లాలో ఇదేమీ వింతకాదు. వాళ్ల వీధిలోనే నలుగురు ఆడవాళ్లు అలా పోయినవాళ్లున్నారు. మొగుళ్లు పోతే ఊరు అయ్యో అంటుంది, పెళ్లాలు పోతే మొగుణ్ణి చూసి మూతి తిప్పుకుంటుంది. ఆ మూతివిరుపులన్నీ వలి బాషా పడ్డాడు. తొమ్మిదేళ్ల కూతురు అల్ఫియాకు జడలు వేయడం నేర్చుకున్నాడు, వంట నేర్చుకున్నాడు. పెళ్లిచేసి పులివెందులకు పంపించాడు. రెండేళ్లకోసారి రెండు నెలలకు జరీనా వచ్చేది, వెళ్లేది. ఆ రెండు నెలలకోసం మిగిలిన ఇరవై రెండు నెలలు బతికాడంటే అందులో అబద్ధం లేదు.

ఆమె పంపిన డబ్బుతోనే పాత మట్టిమిద్దె పడగొట్టి స్లాబు వేశారు. అదొక తప్పు. ఊళ్లో అందరూ చేసిన తప్పే. అతని తండ్రి దూదేకి పరుపులు కుట్టిన ఆ మట్టిమిద్దెలో మే నెలలో కూడా మధ్యాహ్నం నిద్రపట్టేది. స్లాబు ఇంట్లో అర్ధరాత్రి దాటినా పైకప్పు సెగ కక్కుతుంది. పోయినసారి జరీనా ఏప్రిల్‌లో వచ్చింది. రెండు నెలలు ఉండాల్సిన మనిషి నలభై రోజులకే టికెట్టు మార్చుకుని వెళ్లిపోయింది. "ఎండ తట్టుకోలేకుండా ఉండా" అంది. పదిహేనేళ్లు ఏసీ ఇళ్లలో బతికిన ఒళ్లు, ఎలా తట్టుకుంటుంది? ఊరందరి గదులూ చల్లబరిచేవాడి ఇల్లు కుంపటి. దీపం కింద చీకటి అంటే ఇదే అనుకుని, ఆ రోజునుంచీ అతను ఒక్కటే అనుకున్నాడు. గది చల్లగా ఉంటే ఆమె ఉంటుంది. చల్లగా లేకపోతే మళ్లీ పోతుంది.

అంగట్లో గల్లా దగ్గర రామకృష్ణయ్య శెట్టి విసనకర్రతో విసురుకుంటున్నాడు. చుట్టూ పది ఏసీలున్నా, కరెంటు దండగని తనకు మాత్రం వేసుకోడు.

"జమ్మలమడుగు సారుకు ఏమి చెప్పినావు వలీ?"

"ఒక టన్ను. వారం పడతాదని చెప్తి."

శెట్టి విసనకర్ర ఆపాడు. "గోడౌన్లో ఒకటుండాది గదా."

"అది నాది శెట్టిగారూ. నిన్న చెప్తి గదా."

"చెప్తివి. అయితే గుండె ఆపరేషనోళ్లకు కూడా లేదంటావని నేను అనుకోలేదు."

వలి బాషా నేల చూశాడు. "శుక్రవారం జరీనా వస్తాంది."

శెట్టి విసనకర్రను గల్లా మీద పెట్టాడు. ముప్పై ఏళ్లు తన దగ్గర పనిచేసిన మనిషి, తనకంటూ ఒక వస్తువు అడగడం అదే మొదటిసారి. "తీస్కపో," అన్నాడు చివరికి. "నేను కొన్న రేటుకే ఇస్తాండా, ఎవురికీ చెప్పద్దు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమని, మనిషి ఇంకా విమానమే ఎక్కలేదు, నువ్వు ఏసీ బిగిస్తాండావు!"

వలి బాషా గట్టిగా నవ్వాడు. అతను అలా నవ్వగలడని అంగట్లో చాలామందికి అప్పుడే తెలిసింది. బిల్లు పుస్తకంలో రాయడానికి శెట్టి మామూలు ప్రశ్నలే అడిగాడు. ఎన్ని బండలు? అయిదూ, నాలుగున్నర. పై అంతస్తా? కాదు, ఒకటే అంతస్తు, స్లాబు మీద నేరుగా ఎండ. ఎంతమంది పడుకుంటారు?

"ఇద్దరు," అన్నాడు వలి బాషా. ఇంకోసారి అనాలనిపించింది గానీ శెట్టి అప్పటికే రాసేసుకున్నాడు.

ప్రొద్దుటూరు మోడంపల్లెలో అతని ఇల్లు మూడు గదులు. ట్రాలీ ఆటో పెట్టెలు దించి వెళ్లేసరికి ఒంటిగంట దాటింది. అన్నం తినకుండానే పని మొదలుపెట్టాడు. ముందు మంచం జరిపాడు. గాలి నేరుగా తలమీద కొట్టకూడదు, జరీనాకు జలుబు చేస్తుంది. కాళ్లవైపు గోడను ఎంచుకుని, పెన్సిలుతో గీసి, లోపలి మిషనును తగిలించే ప్లేటు బిగించాడు. పైపు కోసం గోడకు రంధ్రం వేశాడు. ఇటుకపొడి మీసాల మీద, కనురెప్పల మీద పేరుకుంది. వేరేవాళ్ల ఇళ్లలో రంధ్రం వేసి చుట్టూ సిమెంటు పూయడం హెల్పరుకు వదిలేస్తాడు. ఇక్కడ తానే రెండుసార్లు పూసి, తడిగుడ్డతో అంచులు నున్నగా రుద్దాడు.

తర్వాత సందులోకి వెళ్లి నిచ్చెన వేసుకుని బయటి మిషనుకు స్టాండు బిగించడం మొదలుపెట్టాడు. పక్కింటి బిస్మిల్లా బీ, అతనికి వదిన వరస, గోడమీదుగా తొంగిచూసింది.

"ఏందిరా వలీ, మన సందులో ఏసీనా? మీ నాయన చూస్తే నవ్వుతాడు."

"జరీనా వస్తాంది గదా వదినా."

"ఓహో! మేమిన్నాళ్లూ ఎండలో చస్తాంటే మాకెవురూ పెట్టలా!" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతూనే మంచినీళ్ల చెంబు అందించింది.

స్టాండును గోడకు పట్టి ఉంచేవి నాలుగు ఫాస్టెనర్లు. గోడలోకి సుత్తితో దిగగొట్టి నట్టు బిగించాలి. అవి ఒకసారి పట్టుకుంటే మళ్లీ రావు, గోడ పగలాల్సిందే. మూడోది బిగిస్తుండగా జేబులో ఫోను మోగింది. ఇమో యాప్‌లో జరీనా. రోజూ రాత్రిపూట చేసే మనిషి పగలు చేసిందేమిటా అనుకుని, నిచ్చెన మీదే కూర్చుని ఎత్తాడు. వీడియో లేదు, గొంతు ఒక్కటే.

"యాడుండావు? ఏంది ఆ సప్పుడు?"

"చెప్తా. ముందు నువ్వు చెప్పు, సామాన్లు సర్దితివా?" అన్నాడు. స్టాండును ఫోన్లో చూపించి ఆమెను నవ్వించాలని అతనికి ఉబలాటంగా ఉంది.

అవతల ఏదో తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"టికెట్టు వద్దని చెప్తినయ్యా. నేనే చెప్తి. ఇంకో రెండేండ్లకు సంతకం పెట్టినా."

అతను నిచ్చెన పట్టుకున్నాడు. ఆమె చెప్పుకుపోతోంది. తాను పనిచేసే ఇంటి ముసలామె మంచం పట్టింది, తాను తినిపిస్తే తప్ప తినడంలేదు, పోవద్దని ఆ ఇంటి పిల్లలు ఏడ్చారు. వలి బాషా అన్నీ విన్నాడు.

"ఎండకేనా మే నువ్వు బయపడేది? ఎండ సంగతి నాకు ఇడ్సిపెట్టు. నువ్వు వచ్చి చూడు, ఈతూరి..."

"ఎండకు నేనెప్పుడు బయపడ్నా?" అంది జరీనా. గొంతులో కోపం లేదు. "ఆ ఎండలో పుట్టిందాన్ని కాదా? పోయినతూరి అట్లా చెప్తిని గానీ, అది కాదయ్యా. నలబై దినాలుంటి. దినామూ తెల్లారి నువ్వు లేసి టీ పెట్టుకుంటావు. ఒక్క గ్లాసు. నేను మంచం మింద మేలుకోని చూస్తాంటి, ఈపొద్దు రెండు పెడతాడేమోనని. తాగేసి, గ్లాసు కడిగి బోర్లిచ్చి, నువ్వు పనికి పోతావు. నలబై దినాలూ అంతే."

"నాకు తెలీలేదు జరీనా."

"తెలీదని నాకు తెల్సు. కావాలని చేసింటే కొట్లాడి ఉండేదాన్ని. నీకు అలవాటు లేకపాయ, అంతే. నాకూ అట్లే. మన ఇంట్లో ఉప్పు యాడుండాదో నిన్ను అడగాల్సి వచ్చె. ఈడ నేను లేసేసరికే ఆ ముసలామె జరీనా జరీనా అని అరుస్తాంటాది." ఆమె ముక్కు చీదుకున్నట్టు వినిపించింది. "నిన్ను తప్పు పట్టడంలేదు. అల్ఫియాను పెంచితివి. ఇంగెవురూ అంత చెయ్యరు."

పెళ్లయిన ముప్పై ఏళ్లలో వాళ్లిద్దరూ ఒక్కసారి కూడా ఇలా మాట్లాడుకోలేదు. ఇప్పుడే ఇంత దగ్గరగా అనిపించిన మనిషి అంత దూరంలో ఉంది. వచ్చెయ్యమని, నేను నేర్చుకుంటానని, ఒక్కసారి వచ్చి చూడమని అడగాలి. అడిగితే ఆమె వస్తుందేమో కూడా. కానీ అంతమంది ఏడ్చి ఆపుకున్న మనిషిని ఏమని రమ్మనాలి? తాను ఒక్కసారైనా ఏడవలేదు కదా.

"సరేలే," అన్నాడు. "ఒళ్లు జాగ్రత్త. ఆ ముసలామెకు టైముకు తినిపియ్యి."

"ఏందో చెప్తానంటివి? ఆ సప్పుడు?"

"ఏంలేదు మే. పక్కింటోళ్లకు ఏసీ బిగిస్తాండా."

"ఎండన పడి చేయొద్దు. నెత్తికి గుడ్డ కట్టుకో," అంది జరీనా. అతను నెత్తికి గుడ్డ కట్టుకునేదాకా ఆగినట్టు కాస్త ఆగి, ఫోను పెట్టేసింది.

వలి బాషా నిచ్చెన మీద చాలాసేపు కూర్చున్నాడు. ఎన్ని వందల గదుల్లో కళ్లు మూసుకుని, లోపం ఎక్కడుందో పట్టుకున్నాడో అతనికే లెక్కలేదు. తన గదిలో నలభై రోజులు ఒక మనిషి మేలుకుని చూస్తుంటే తెలుసుకోలేకపోయాడు. ఏడుపు వస్తుందనుకున్నాడు గానీ రాలేదు. ఆకలి మాత్రం వేసింది. నాలుగో ఫాస్టెనరు చేతిలోనే ఉంది. దాన్ని కూడా దిగగొట్టి బిగించాడు. మూడు బోల్టుల మీద స్టాండు వదిలేసే పని అతనికి చేతకాదు.

కిందికి దిగి శెట్టికి ఫోను చేశాడు.

"ఆ మిషను జమ్మలమడుగు సారుకు పంపించండి శెట్టిగారూ. ప్లేటు తీసేదానికి లోపలిదాని పెట్టె ఇప్పితి గానీ మిషను కవరు అట్లే ఉండాది, బయటిదాని సీలు తీయలా. ప్లేటు ఒకటి కొత్తది పంపండి."

శెట్టి ఎందుకని అడగలేదు. వ్యాపారం చేసి తల నెరిసిన మనిషి. "ఆటో పంపిస్తా. వలీ, నువ్వు తింటివా?" అన్నాడు.

"ఇప్పుడు తింటా."

తర్వాత కృష్ణవేణమ్మకు తానే ఫోను చేశాడు. స్టాకు వచ్చిందని చెప్పలేకపోయాడు. మళ్లీ ఇంకో అబద్ధం ఎందుకు? "పొద్దున మీతో లేదని చెప్తినమ్మా, ఉన్నింది. నాకోసం పెట్టుకునింటి. ఇప్పుడు నాకు అవసరం లేదు. రేపు పొద్దున ఏడుకల్లా వచ్చి నేనే బిగిస్తా, మధ్యాన్నానికి సారు నిద్రపోవచ్చు," అన్నాడు. ఆమె, "అట్లే రా అప్పా, టిఫను ఈడనే చేద్దువు" అంది.

అయిదున్నరకు ఆటో వచ్చింది. తానూ ఒక చెయ్యి వేసి పెట్టెలు ఎక్కించాడు. పెట్టె మీద ఎర్ర పెన్నుతో రాసిన తన పేరును కొట్టేసి, కింద సారు పేరు రాశాడు. ఆటో సందు మలుపు తిరిగేదాకా నిలబడి చూశాడు. లోపలికి వెళ్లి పొద్దున వండిన అన్నంలో మజ్జిగ పోసుకుని తిన్నాడు. మంచాన్ని మాత్రం పాత చోటుకు జరపలేదు.

ఎండ తగ్గాక బిస్మిల్లా బీ మళ్లీ గోడమీదుగా చూసింది. వలి బాషా నిచ్చెన ఎక్కి ఉన్నాడు. చేతిలో రెడాక్సైడు డబ్బా, చిన్న బ్రష్షు. సుత్తి తగిలి రంగు లేచిపోయినచోటల్లా పూస్తున్నాడు. పనిలో పనిగా స్టాండు మొత్తానికీ, అడుగువైపు కూడా, వేళ్లకు అంటుకుంటున్నా పట్టించుకోకుండా రెండో కోటు వేస్తున్నాడు.

"ఆటోలో వెనక్కి పాయ గదరా ఏసీ? మల్ల దానికెందుకు రంగు?"

"వానకు తుప్పు పడతాది వదినా," అన్నాడు.

ఇంకేదో అడగబోయి, అతని ముఖం చూసి ఆమె లోపలికి వెళ్లిపోయింది. అతను దిగి, బ్రష్షు కిరసనాయిల్లో కడుక్కుని, నిచ్చెన మోసుకుపోయాడు. సందులో గోడకు, ఏమీ మోయని ఆ ఇనుప స్టాండు, తడి ఆరని ఎర్రరంగుతో ఉండిపోయింది.